పిల్లి లిట్టర్ బాక్స్ వదిలేసి జానమాజ్ మీద పోస్తోందా? కారణాలు ఇవీ, చేయాల్సినవి ఇవీ

వరంగల్: ఇంటిల్లిపాదికీ ముద్దుగా ఉన్న పిల్లి ఒకరోజు ఉన్నట్టుండి లిట్టర్ బాక్స్ వదిలేస్తుంది. మడిచి పెట్టిన రజాయి మీద, పిల్లల స్కూల్ బ్యాగు మీద, చివరికి గోడ పక్కన పరిచి ఉంచిన జానమాజ్ మీద మూత్రం పోస్తుంది. రెండుసార్లు సర్దుకుంటారు, మూడోసారి ఇంట్లో గొడవ మొదలవుతుంది. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్లు "నమాజ్ చేసుకునే ఇల్లు ఇది, తీసుకుపోయి మార్కెట్ దగ్గర వదిలేసి రండి" అంటారు. మండీ బజార్, చార్‌బౌళి, రంగశాయిపేట వంటి పాత బస్తీల్లోని రెండు గదుల ఇళ్లలోనైనా, హన్మకొండలోని అపార్ట్‌మెంట్లలోనైనా ఈ గొడవ తీరు ఒకటే.

అయితే పిల్లి జిద్దు కోసమో, మనుషుల మీద కోపంతోనో ఇలా చేయదు. పగ తీర్చుకోవాలన్న ఆలోచన దానికి లేదు. శరీరంలో నొప్పి ఉండాలి, లేదా బాక్స్ నచ్చకపోవాలి, లేదా ఇంట్లో ఏదో దాన్ని భయపెడుతూ ఉండాలి. మరో కారణం కూడా ఉంది, అది ఈడుకొచ్చిన పిల్లి తన ఇలాకాకు గుర్తు వేయడం. పిల్లుల వైద్యుల అమెరికా సంఘం, అంతర్జాతీయ పిల్లుల వైద్య సంఘం కలిసి 2014లో ఈ సమస్య మీద విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా దాదాపు ఈ విభజననే పాటించాయి. ఏ కారణమో తేల్చుకోకుండా బాక్స్ మార్చినా, లిట్టర్ మార్చినా, పిల్లిని కొట్టినా లాభం లేదు.

మగపిల్లి పదేపదే కూర్చుని లేస్తుంటే ఆగొద్దు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆరోగ్యం. ఇందులోనూ మగపిల్లి సంగతి వేరు. దాని మూత్రనాళం చాలా సన్నం. చిన్న రాళ్లు, ఇసుకలాంటి పదార్థం, జిగురు చేరి అది మూసుకుపోవచ్చు. అప్పుడు పిల్లి బాక్స్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, చుక్క రాకుండానే లేస్తుంది. పది నిమిషాలకు మళ్లీ వెళ్తుంది. బాక్స్‌లో నొప్పి పుట్టింది కాబట్టి బాక్సే నొప్పి పెడుతోందని అనుకుని నేల మీద, బట్టల మీద ప్రయత్నిస్తుంది. కొన్ని పిల్లులు అరుస్తాయి, కొన్ని అదే పనిగా కింద నాక్కుంటాయి. ఇంట్లోవాళ్లు చాలామంది దీన్ని చూసి మలబద్ధకం అనుకుంటారు. చెంచాతో నెయ్యి, ఆముదం పట్టించి రేపటిదాకా చూద్దామంటారు.

ఆ రేపటిదాకా అనేదే ప్రమాదం. మూత్రం పూర్తిగా ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లి చనిపోవచ్చు. వాంతులు చేసుకుంటూ, తిండి మానేసి, ఓ మూల పడుకుని ఉందంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు. రాత్రయినా, పండగ రోజైనా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కెథెటర్ వేసి మూత్రం తీయడం డాక్టర్ పని, ఇంట్లో పొట్ట నొక్కి చూడటం లాంటివి చేస్తే మూత్రాశయం పగిలే అవకాశం ఉంది.

మన వైపు పశువైద్యశాలలకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు, మేకలు, కుక్కలు. మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పశువైద్య కళాశాల ఉంది, నగరంలో ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. కానీ అవసరం పడ్డ రాత్రి వెతుక్కోవడం కంటే, పిల్లి బాగున్న రోజునే రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి "పిల్లికి మూత్రం ఆగిపోతే కెథెటర్ వేస్తారా, ఏ వేళల్లో ఉంటారు" అని అడిగి నంబర్లు రాసిపెట్టుకోవడం మేలు.

ఆడపిల్లికి ఇలా పూర్తిగా మూసుకుపోవడం అరుదు. కానీ మూత్రాశయం వాపు, మంట, రాళ్లు దానికీ వస్తాయి. కొంచెం కొంచెంగా చాలాసార్లు పోయడం, మూత్రంలో ఎరుపు కనిపించడం గుర్తులు. తెల్లటి సింకులోనో, స్నానాల గదిలో నీళ్లు పోయే చోటనో పోయడం మొదలుపెడితే ఎర్రదనం ఇట్టే తెలుస్తుంది. పదేళ్లలోపు పిల్లుల్లో తరచుగా కనిపించేది ఏ క్రిమీ దొరకని మూత్రాశయ వాపు. దానికి మానసిక ఒత్తిడి పెద్ద కారణం. వయసు మీరిన పిల్లి అయితే కిడ్నీ జబ్బు, షుగర్, థైరాయిడ్ చూడాలి. ఇవి ఉంటే నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, బాక్స్ తొందరగా తడిసి ముద్దవుతుంది, దాంతో అందులోకి వెళ్లడం మానేస్తుంది. చాలా ఇళ్లలో ముచ్చటపడి పెంచే పర్షియన్ పిల్లుల్లో కిడ్నీలో నీటి తిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు ఉంటుంది. వీటికి ఇంకో ఇబ్బంది, వెనక కాళ్ల దగ్గరి పొడవాటి బొచ్చుకు లిట్టర్ అంటుకుని గట్టిపడి లాగుతుంది. ఆ బొచ్చు కత్తిరిస్తే చాలు, కొన్నిసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

మూత్రం బాక్స్‌లోనే పోస్తూ మలం మాత్రం బయట వేస్తుంటే విరేచనాలు, నులిపురుగులు, మలబద్ధకం, కీళ్లనొప్పి వైపు చూడాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నొప్పి అనుకుని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ గోలీ ఇవ్వొద్దు. మనిషికి జ్వరం తగ్గించే ఆ మందును పిల్లి కాలేయం అరిగించుకోలేదు. ఒక్క గోలీ చాలు ప్రాణం తీయడానికి.

వరంగల్ ఎండ కూడా ఒక కారణమే

పిల్లి ఎడారి వైపు జంతువు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల్లో తిరిగే అడవి పిల్లి సంతతి. సుమారు 10,000 ఏళ్ల కింద ధాన్యం నిల్వలకు ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు మనిషి దగ్గరికి చేరాయి. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాలు దొరికింది. ఎడారి అలవాటు వల్ల పిల్లికి దాహం తక్కువ, మూత్రం చిక్కన, మెత్తని ఇసుకలో గుంట తీసి కప్పేయడం పుట్టుకతో వచ్చిన గుణం. మూడు నాలుగు వారాల కూనకు కూడా ఎవరూ నేర్పక్కర్లేదు, మట్టి కనిపిస్తే తవ్వుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. పిల్లికి పొడి బిస్కెట్ల మేత మాత్రమే పెడుతూ, నీళ్ల గిన్నె దాని అన్నం గిన్నెకు, లిట్టర్‌కు ఆనుకుని ఉంచితే అది తాగాల్సినంత తాగదు. మూత్రం ఇంకా చిక్కబడుతుంది. గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టాలి, రోజూ నీళ్లు మార్చాలి, వెడల్పు గిన్నె అయితే మీసాలు తగలకుండా తాగుతుంది. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసం ఆ ఉడికిన నీళ్లతో కలిపి పెడితే నీళ్లు తిండితోపాటే లోపలికి పోతాయి. బిర్యానీ ముక్కలు, సాలన్ పెట్టడం మంచిది కాదు, ఉల్లిపాయ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

పాక్, నాపాక్ సంగతి

ముస్లిం ఇళ్లలో ఈ సమస్యకు వాసనతో పాటు తహారత్ ప్రశ్న కూడా ఉంది. ఇక్కడ రెండు విషయాలు కలిపేసి పిల్లినే నాపాక్ అనేస్తుంటారు. పిల్లి నాపాక్ కాదు. వుజూ కోసం ఉంచిన నీళ్ల దగ్గరికి పిల్లి వస్తే హజ్రత్ అబూ ఖతాదా (రజి) గిన్నె వంచి దానికి తాగనిచ్చారనీ, పిల్లి మన చుట్టూ ఇంట్లో తిరుగుతుండేదే కాబట్టి అది అపరిశుద్ధం కాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన సంగతిని గుర్తుచేశారనీ అబూ దావూద్, తిర్మిజీ హదీసు సంకలనాల్లో ఉంది. పిల్లి వచ్చి జానమాజ్ మీద కూర్చుంటే, కాళ్లకు రాసుకుంటే నమాజ్‌కు ఇబ్బంది లేదు. దాని మూత్రం, మలం మాత్రం నాపాక్. అవి తగిలిన చోట, తగిలిన బట్టతో నమాజ్ చేయాలంటే ముందు శుభ్రం చేసుకోవాలి.

హనఫీ పద్ధతిలో బట్టనైతే మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలి. పిండలేని మందపాటి తివాచీ, పరుపు లాంటివైతే కడిగి నీళ్లు కారడం ఆగేదాకా ఉంచి, మళ్లీ కడిగి, అలా మూడుసార్లు చేయాలి. వరంగల్ ఇళ్లలో ఇక్కడో వెసులుబాటు ఉంది. కొత్తవాడ మగ్గాల మీద నేసే శత్రంజీలు, 2018లో జీఐ గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు నూలువి. వాటిని డాబా మీదికి తీసుకెళ్లి నీళ్లు పారించి, దండెం మీద వేస్తే ఎండకు సాయంత్రానికి ఆరిపోతాయి. అడుగున రబ్బరు, నురుగు ఉన్న మెత్తటి కొత్తరకం జానమాజ్‌లు అలా కావు. మూత్రం లోపలి పొరలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో పలుచటి నూలు జానమాజ్ వాడుకోవడం, నమాజ్ కాగానే మడిచి అలమారలో పెట్టడం తేలికైన ఉపాయం.

అసలు చిక్కు ఇక్కడుంది. మూడుసార్లు కడిగాక ఆ జానమాజ్ నమాజ్‌కు పాక్ అయిపోతుంది. మన ముక్కుకూ వాసన రాదు. కానీ పిల్లి ముక్కుకు వస్తుంది. దాని వాసన శక్తి మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లి మూత్రంలో నీళ్లకు తేలిగ్గా వదలని పదార్థాలు కొన్ని ఉంటాయి, ముసురు పట్టి గాలిలో తేమ పెరగ్గానే వాసన మళ్లీ లేస్తుంది. ఆ వాసన ఉన్న చోటు దాని దృష్టిలో మరుగుదొడ్డే. కాబట్టి నమాజ్ కోసం ఒక కడుగుడు, పిల్లి కోసం ఇంకో కడుగుడు అనుకోవాలి.

రెండో కడుగుడుకు పెంపుడు జంతువుల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే ఎంజైమ్ క్లీనర్ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. దాన్ని పైపైన చల్లి తుడిచేస్తే పని జరగదు. మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతు తడిపి, డబ్బా మీద చెప్పినంతసేపు వదిలేసి, దానంతట అదే ఆరనివ్వాలి. అది అందుబాటులో లేకపోతే ముందు పొడి బట్టతో అద్ది, సగం నీళ్లు సగం తెల్ల వెనిగర్ కలిపి తడిపి, ఆరాక వంటసోడా చల్లి దులిపేయొచ్చు. ఇది ఎంజైమ్ అంత పనిచేయదు గానీ నీళ్లకన్నా మేలు.

ఫినాయిల్ పోస్తే పోతుందనుకోవడం చాలా ఇళ్లలో ఉన్న పొరపాటు. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలు పిల్లికి విషం. నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికి పోతాయి. డెట్టాల్ లాంటి వాటిలోని క్లోరోజైలినాల్‌ కూడా పిల్లికి పడదు. మూత్రం ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది, అది మనుషులకూ ప్రమాదమే. పిల్లి రాకుండా మూలల్లో నాఫ్తలీన్ గోలీలు వేయడం కూడా మానాలి. ఊదు, అగర్‌బత్తీ పొగతో మూత్రం వాసన కప్పేస్తే మనకు మాత్రమే కప్పినట్టు.

ఇక కొట్టడం, మూతిని మూత్రంలో రుద్దడం. దీనివల్ల పిల్లి నేర్చుకునేది ఒక్కటే, ఈ మనిషి ముందు పోయకూడదు అని. ఆ తర్వాత మంచం కింద, బీరువా వెనక పోస్తుంది. కనిపించని చోట కాబట్టి శుభ్రం చేయడమూ కష్టం.

బాక్స్ దగ్గర జరిగే తప్పులు

డాక్టర్ చూసి ఒంట్లో ఏమీ లేదన్నాక బాక్స్ వైపు రావాలి. దుకాణంలో అమ్మే బాక్సుల్లో చాలావరకు పెద్ద పిల్లికి చిన్నవి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు బాక్స్ ఉండాలి. అది లోపల తిరగాలి, తవ్వాలి, చోటు మార్చుకోవాలి. బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని ఒకవైపు గోడను కోసి, అంచులు గుచ్చుకోకుండా నునుపు చేస్తే కొన్నదానికంటే మంచి బాక్స్ తయారవుతుంది. కూనకు, కీళ్లనొప్పి ఉన్న ముసలి పిల్లికి కోసిన వైపు బాగా కిందికి ఉండాలి. మూత ఉన్న బాక్సులు మనుషుల కళ్లకు బాగుంటాయి, కానీ లోపల వాసన పట్టేస్తుంది. ఇంట్లో రెండు పిల్లులుంటే ఒకటి లోపల ఉన్నప్పుడు ఇంకొకటి దారికి అడ్డంగా కాపు కాస్తుంది కూడా.

పిల్లులు ఎన్ని ఉంటే అన్ని బాక్సులు, పైన ఇంకొకటి అనేది పశువైద్యులు చెప్పే లెక్క. అన్నీ ఒకేచోట వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. రెండు గదుల ఇంట్లో రెండు బాక్సులు ఎక్కడ పెట్టాలన్నది నిజంగానే ఇబ్బంది. వరండాలో ఒకటి, మంచం పక్కన మూలలో ఒకటి పెట్టినా చాలు. బాత్‌రూమ్‌లో పెట్టేవాళ్లు ఒకటి ఆలోచించాలి, ఎవరైనా స్నానానికి వెళ్లి తలుపు వేసుకుంటే పిల్లికి దారి మూసుకుపోయినట్టే. నేల తడిగా ఉన్నా అది అడుగు పెట్టదు. వాషింగ్ మెషీన్ పక్కన, ఇన్వర్టర్ పక్కన, తిండి గిన్నెల పక్కన పెట్టడం కూడా సరికాదు.

ఎక్కువ ఇళ్లలో అసలు కారణం మాత్రం శుభ్రత. రోజుకు కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు గడ్డలు, మలం తీసేయాలి. "వాసన వస్తేనే తీద్దాం" అనుకుంటే, మనకు వాసన వచ్చేసరికి పిల్లి వేరే చోటు చూసుకుని ఉంటుంది. గడ్డకట్టే లిట్టర్ అయితే నెలకు ఒకటి రెండుసార్లు మొత్తం పారబోసి బాక్స్‌ను వాసన లేని సబ్బుతో, వేడినీళ్లతో కడగాలి. ఖర్చు లెక్క చూసినా ఇదే లాభం. రోజూ తీసి, తీసినంత కొత్తది పోస్తే సంచి ఎక్కువ రోజులు వస్తుంది. వారం రోజులు కదపకుండా ఉంచితే తడి మొత్తానికీ పాకి సగం సంచి ఒక్కసారే పారబోయాల్సి వస్తుంది, పైగా పరుపు ఉతికే ఖర్చు అదనం.

ముల్తానీ మట్టితో మొదలైన లిట్టర్

పూర్వం అందరూ బూడిదో ఇసుకో వాడేవాళ్లు. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే వ్యాపారిని పొరుగింటావిడ పిల్లి కోసం ఇసుక అడిగింది. బూడిద వాడితే పిల్లి పాదాల ముద్రలు ఇల్లంతా పడుతున్నాయని ఆమె బాధ. ఆయన దగ్గర నూనె మరకలు పీల్చడానికి అమ్మే మట్టి గుళికలు ఉన్నాయి, అవి ఇచ్చాడు. ఆ మట్టి ఫుల్లర్స్ ఎర్త్, అంటే మన ఇళ్లలో ఆడవాళ్లు ముఖానికి పట్టించుకునే ముల్తానీ మట్టి జాతిదే. అది బాగా పనిచేయడంతో సంచుల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాడు, అలా ఓ పెద్ద వ్యాపారమే పుట్టింది. తడి తగిలితే గడ్డకట్టే బెంటోనైట్ మట్టి రకం 1980ల్లో వచ్చింది. ఆ బెంటోనైట్ మన దేశంలో గుజరాత్‌లోని కచ్ వైపు బాగా దొరుకుతుంది.

ఎక్కువ పిల్లులకు నచ్చేది సన్నటి, గడ్డకట్టే, సువాసన కలపని లిట్టర్. లావెండర్, నిమ్మ వాసనలు మనుషులు కొనడానికి కలిపినవి. బ్రాండ్ మార్చిన వారంలోనే పిల్లి బయట పోయడం మొదలైతే కారణం వెతకనక్కర్లేదు, పాతదానికి వెళ్లిపోవాలి. మార్చక తప్పదనుకుంటే పాతదానిలో కొత్తది పావువంతు కలిపి, ఒకటి రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. మందం రెండు మూడు అంగుళాలు సరిపోతుంది. రెండు నెలలలోపు కూనలకు గడ్డకట్టే రకం వద్దు, అవి నోట్లో పెట్టుకుంటాయి, కడుపులో గట్టిపడుతుంది.

డబ్బు పెట్టలేని ఇంట్లో ఇసుక మంచిదే. రాళ్లు, గవ్వలు లేకుండా జల్లెడ పట్టి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి వాడాలి. ఇసుక మూత్రాన్ని పీల్చదు, అడుగుకు దిగుతుంది, అందుకే రెండు మూడు రోజులకోసారి మార్చాలి. వరి ఊక మన జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుంది గానీ గరుకు, పాదాలకు గుచ్చుకుంటుంది. రంపపు పొట్టులో దుమ్ము లేవకుండా చూసుకోవాలి. కట్టెల బూడిద వద్దు, తడి తగిలితే చర్మాన్ని మండిస్తుంది.

వీధి నుంచి తెచ్చి పెంచుకున్న పిల్లి అయితే దానికి తెలిసింది మట్టి, కట్టుబడి జరిగే చోట ఇసుక కుప్ప. దానికి ఖరీదైన లిట్టర్ ఏదో కొత్త గచ్చులాగా అనిపిస్తుంది. మొదట బాక్స్‌లో ఇసుకో ఎర్రమట్టో పోసి, అలవాటయ్యాక లిట్టర్ కలుపుతూ పోవాలి. ఏది నచ్చుతుందో తెలియకపోతే రెండు మూడు టబ్బులు పక్కపక్కన పెట్టి ఒక్కోదానిలో ఒక్కో రకం పోసి వారం రోజులు చూస్తే పిల్లే చెబుతుంది.

గోడ మీద చిమ్మితే అది వేరే విషయం

పిల్లి నేల మీద కూర్చుని పోస్తోందా, నిలబడి తోక పైకెత్తి వణికిస్తూ గోడకు, తలుపుకు, పరదాకు చిమ్ముతోందా గమనించాలి. రెండోదైతే అది మరుగుదొడ్డి సమస్య కాదు, ఇలాకా గుర్తు. బాక్స్ ఎంత శుభ్రంగా ఉంచినా ఆగదు. ఆపరేషన్ చేయించని మగపిల్లి మూత్రానికి ఉండే ఆ ఘాటు వాసన దాని ఒంట్లో తయారయ్యే ఫెలినిన్ అనే పదార్థం నుంచి వస్తుంది. ఆపరేషన్ చేయిస్తే పదింటిలో దాదాపు తొమ్మిది మగపిల్లుల్లో ఈ చిమ్మడం ఆగుతుంది లేదా బాగా తగ్గుతుంది. ఐదారు నెలల వయసులో, అలవాటు ముదరకముందే చేయిస్తే ఫలితం ఎక్కువ. ఆడపిల్లి ఎదకొచ్చినప్పుడు అరుస్తూ ఇలాగే చేస్తుంది, దానికీ ఆపరేషనే దారి. పిల్లి గర్భం రెండు నెలలకు కాస్త ఎక్కువ, ఏడాదిలో ఇల్లు కూనలతో నిండిపోవడం చూసినవాళ్లకు తెలుసు.

జంతువుకు ఆపరేషన్ చేయించవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ప్రయోజనం ఉన్నప్పుడు, హాని తప్పించడానికి అభ్యంతరం లేదన్నది హనఫీ ఫిఖ్‌లో ఉన్న అభిప్రాయం. మనసుకు నమ్మకం కావాలంటే మొహల్లాలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

కిటికీ బయట వేరే పిల్లి తిరుగుతున్నా లోపలి పిల్లి చిమ్ముతుంది. కిటికీ కింది సగం కాగితంతో మూసేస్తే కొన్నిసార్లు సరిపోతుంది.

రంజాన్‌లో, శుభకార్యాల్లో

పిల్లికి రోజు ఒక పద్ధతిలో నడవాలి. రంజాన్ రాగానే ఇంటి వేళలన్నీ తలకిందులవుతాయి. సహరీకి అర్ధరాత్రి దాటాక లైట్లు, వంటింట్లో శబ్దాలు, పగలు అందరూ నిద్ర, ఇఫ్తార్‌కు చుట్టాలు, ఈద్ రోజు ఇంటినిండా పిల్లలు. ఆ నెలలోనే పిల్లి బాక్స్ వదిలేసిందంటే కారణం అదే కావచ్చు. దాని తిండి వేళలు మాత్రం పాతవే ఉంచాలి, బాక్స్ శుభ్రం చేసే పని సహరీ తర్వాత ఒకరికి అప్పజెప్పాలి, చుట్టాలు వచ్చినప్పుడు ఒక గదిలో నీళ్లు, బాక్స్, పాత దుప్పటితో వదిలి తలుపు వేయాలి. పెళ్లికి సున్నాలు వేయించడం, ఇల్లు మారడం, దీపావళి పటాకులు, కొత్త పిల్లి రావడం, కొత్తగా బిడ్డ పుట్టడం కూడా ఇలాంటివే. ఇష్టమైన మనిషి దుబాయ్‌కో సౌదీకో వెళ్లిపోయాక వాళ్ల పరుపు మీదే పిల్లి పోయడం మొదలుపెట్టినా కోపం అనుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న పిల్లి తన వాసనను తెలిసిన వాసనతో కలుపుకుంటుంది.

మళ్లీ అలవాటు చేయడం

చిన్న గదిలో, అది లేకపోతే గదిలో ఓ మూల అడ్డు కట్టి, ఒకవైపు పడక, నీళ్లు, ఎదురు వైపు బాక్స్ పెట్టి కొన్ని రోజులు అక్కడే ఉంచాలి. ఇది శిక్ష కాదు, ఇంట్లోవాళ్లు వెళ్లి కూర్చుని ఆడించాలి. తిన్న తర్వాత, నిద్ర లేచిన తర్వాత బాక్స్ దగ్గరికి తీసుకెళ్లాలి, బలవంతంగా లోపల కూర్చోబెట్టి కాళ్లతో తవ్వించొద్దు. వాడిన వెంటనే ఒక చిన్న మాంసం ముక్క ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది. వారం రోజులు తప్పకుండా వాడితే ఇంకో గది తెరవాలి, అలా కొంచెం కొంచెంగా ఇల్లంతా.

ఒకే చోట మళ్లీ మళ్లీ పోస్తుంటే ఆ చోటును ఎంజైమ్‌తో కడిగి తిండి గిన్నె అక్కడే పెట్టి చూడాలి, పిల్లి తినే చోట పోయదు. అలా కుదరకపోతే బాక్స్‌నే అక్కడికి తీసుకెళ్లాలి. వాడటం మొదలయ్యాక రోజుకు జానెడు చొప్పున మనకు కావాల్సిన మూలకు జరపొచ్చు. ఒక్కసారే మార్చితే మొదటికొస్తుంది.

గర్భిణులున్న ఇంట్లో

కోడలు నెల తప్పిందనగానే పిల్లిని పంపేయమనడం మామూలు. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులో బిడ్డకు హాని చేయగలదు, అది నిజం. కానీ పిల్లికి మొదటిసారి ఆ జబ్బు సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మాత్రమే అది మలంలో వస్తుంది. బయటికి వచ్చాక కూడా అంటుకునే స్థితికి చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అంటే బాక్స్‌ను ప్రతి రోజూ, గర్భిణి కాకుండా వేరేవాళ్లు శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు పోతుంది. తప్పనిసరైతే చేతికి గ్లౌజులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు, బక్రీద్ రోజు ఖుర్బానీ ముక్కలు కూడా ఉడికించే పెట్టాలి. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఈ జబ్బు మనుషులకు వస్తుంది, ఆ సంగతి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

వదిలేసి రావడం

పిల్లిని కట్టేసి తిండి పెట్టక, బయట తిననీయక చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ఇంట్లో పెరిగిన పిల్లిని సంచిలో వేసుకుపోయి తెలియని చోట వదిలితే జరిగేదీ ఆకలే. వేటాడటం, కుక్కల నుంచి తప్పించుకోవడం దానికి రాదు. చట్టం ప్రకారం కూడా ఇది నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కిందికి వస్తుంది. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇక ఉంచుకోవడం నిజంగా కుదరదనుకుంటే తెలిసినవాళ్లలో పెంచుకునేవారిని వెతికి, దాని బాక్స్, పాత లిట్టర్ కొంత, అలవాటైన దుప్పటితో సహా అప్పగించాలి. సమస్య ఉందని దాచకుండా చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పటి నుంచి మొదలైంది, రోజుకు ఎన్నిసార్లు, ఏయే చోట్ల, నిలబడా కూర్చునా, ఆ వారంలో ఇంట్లో ఏం మారింది అన్నవి కాగితం మీద రాసుకుని, వీలైతే ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్తే సగం పరీక్ష అయిపోయినట్టే. తీసిన లిట్టర్‌ను మరుగుదొడ్డిలో పోయొద్దు, మట్టి గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. కవర్‌లో గట్టిగా ముడేసి, తడిచెత్తలో కలపకుండా విడిగా చెత్త బండికి ఇవ్వాలి.